వెయ్యి కిలోమీటర్లకు దగ్గరదగ్గర లీటర్ ఆయిల్ తాగుతోంది – ఇంజిన్ దించాల్సిందేనా?

పెన్నాతీరం
జూన్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ఇంట్లో 2013 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. 1.2 లీటర్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, మీటర్ మీద 92 వేలు. వారంలో ఐదు రోజులు నాన్నగారు బజారుకూ, పొలానికీ తిప్పుతారు. శని, ఆదివారాలు నా చేతికొస్తుంది.

ఫిబ్రవరిలో ఆయిల్ మార్పించాం. ఏప్రిల్‌లో ఏదో అనుమానమొచ్చి ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూస్తే చివర తడి కూడా లేదు. తిరిగింది 1,200 కిలోమీటర్లే. లీటర్ పోశాను. మే చివర్లో మళ్లీ అదే కథ. కింద నేల మీద చుక్క లేదు, పొగ నాకైతే కనిపించలేదు, పికప్ బాగానే ఉంది. తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బానెట్ కూడా సరిగ్గా ఎత్తకుండానే "రింగులు పోయాయి సార్, హాఫ్ ఇంజిన్ పని, 48 వేలు అవుద్ది" అన్నాడు. రింగులంటే పిస్టన్ల చుట్టూ ఉండేవి, వాటి కోసం ఇంజిన్ సగం విప్పాలట. ఆ బండికి ఇప్పుడు మార్కెట్లో వచ్చేదే రెండు లక్షల లోపు. రాత్రి నుంచి ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

కాకినాడ కుర్రోడు
జూన్ 3, రాత్రి 10:05

బ్రదర్, 20W-50 కొట్టించి మర్చిపో. మా బాబాయ్ పాత అంబాసిడర్‌కి పదేళ్లు అదే పోశాడు. చిక్కటి ఆయిల్ అయితే రింగుల పక్కనుంచి పైకి రాదు. ఖర్చు రెండు వేల లోపే.

స్పానర్ 14
జూన్ 3, రాత్రి 10:31

అంబాసిడర్‌కి సరిపోయింది 2013 బండికి సరిపోవాలని లేదు. ఈ తరం చాలా ఇంజిన్లలో వాల్వ్ టైమింగ్‌ని మార్చే ఏర్పాటు ఆయిల్ ప్రెషర్ మీదే పని చేస్తుంది. దారులు సన్నగా ఉంటాయి. చల్లగా ఉన్న ఇంజిన్‌లో 20W-50 పైదాకా చేరేసరికి ఆలస్యం అవుతుంది, ఆ కాసేపూ వాల్వ్‌లను తెరిచే క్యామ్ పొడిగా రాసుకుంటుంది. మాన్యువల్‌లో పలచటి 5W-30తో పాటు కాస్త చిక్కటి 5W-40 కూడా రాసి ఉంటే అది పోసుకోవచ్చు, మన ఎండలకు తప్పులేదు. అయినా అది రోగం కుదర్చదు, కాస్త తగ్గిస్తుందంతే.

పెన్నాతీరం గారూ, ముందు రెండు మాటలు చెప్పండి. ఆయిల్ ఎప్పుడు చూస్తున్నారు, వేడి మీదా, చల్లారాకా? బండి ఎక్కడ నిలబెట్టి?

పెన్నాతీరం
జూన్ 3, రాత్రి 10:44

ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు. ఇంటి ముందు ర్యాంప్ ఉంది, బండి ముక్కు కొంచెం పైకి ఉంటుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

స్పానర్ 14
జూన్ 3, రాత్రి 11:02

ఎందుకు లేదు? డిప్‌స్టిక్ మీద కింది గుర్తుకూ పై గుర్తుకూ మధ్య చాలా బళ్లలో సుమారు లీటరే తేడా. ముక్కు పైకెత్తి ఉంటే సంప్‌లో, అంటే ఇంజిన్ కింది ఆయిల్ తొట్టెలో, ఆయిల్ వెనక్కి జారుతుంది. ఇంజిన్ ఆపిన వెంటనే చూస్తే ఇంకా కొంత ఇంజిన్ పైభాగంలో, అంటే హెడ్‌లోనే ఉంటుంది. ఈ రెండింటికే పావులీటర్, అరలీటర్ తప్పు లెక్క రావచ్చు.

ఇలా చేయండి. పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు, చదునైన ఒకే చోట నిలిపి చూడండి. తుడిచి, మళ్లీ ముంచి తీయండి. సరిగ్గా పై గుర్తు దాకా పోసి, మీటర్ రీడింగ్ రాసుకోండి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత అదే చోట, అదే వేళకు చూసి మళ్లీ పై గుర్తుకు రావడానికి ఎంత పట్టిందో కొలవండి. లీటర్ డబ్బా పక్కన గీతలుంటాయి, అవి చాలు. ఈ అంకె చేతిలో లేకుండా ఎవరు ఏం చెప్పినా సోదే, నాతో సహా.

ఇంకోటి, పై గుర్తు దాటించకండి. ఎక్కువైతే కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, ఆ తుంపర బ్రీదర్ పైపులోంచి ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి, అంటే ఇన్‌టేక్‌లోకి పోయి కాలిపోతుంది. ఎక్కువ పోసి, అది కాలిపోయి, "తాగేస్తోంది" అని మళ్లీ ఎక్కువ పోసేవాళ్లను చూశాను.

డాలస్ నుంచి
జూన్ 4, ఉదయం 6:15

ఇక్కడా ఇదే గోల. క్వార్ట్ డబ్బాలు, అంటే 946 మిల్లీలీటర్లు, డిక్కీలో రెండు పెట్టుకుని తిరిగే ఫ్రెండ్స్ ఉన్నారు. చాలా కంపెనీలు మాన్యువల్‌లోనే వెయ్యి కిలోమీటర్లకు అరలీటర్ వరకు మామూలే అని రాసుకుంటాయి, కొన్ని లీటర్ దాకా కూడా పోతాయి. వారంటీలో ఉన్నప్పుడు ఆ వాక్యం వాళ్లకు కవచం. నా దృష్టిలో వెయ్యికి 200, 300 మిల్లీ దాటితే కారణం వెతకాల్సిందే.

ఆటోనగర్ బాబాయ్
జూన్ 4, ఉదయం 7:50

బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు స్పానర్ పట్టినవాణ్ణి, ఇప్పుడు షాపు మా వాడు చూసుకుంటున్నాడు. అబ్బాయ్, ఆయిల్ పోవడానికి రెండే దారులు. బయటికి కారాలి, లేదంటే లోపల కాలాలి. నీళ్లలో కలిసే కేసు కూడా ఉందిగానీ, అప్పుడు రేడియేటర్ మూత తీస్తే మజ్జిగలా తేలుతుంది, నీకు అది లేదనుకుంటా.

నేల మీద చుక్క లేదని కారట్లేదు అనుకోకు. ఇప్పటి బళ్లకి కింద ప్లాస్టిక్ షీల్డ్ ఒకటి ఉంటుంది, కారింది దాని మీదే ఆగి దుమ్ము పట్టేసుకుంటుంది. ముందు ఆ షీల్డ్ విప్పించి లైటు వేసి చూడు. ఇంజిన్ పై మూత అయిన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, క్రాంక్ సీలు, ఫిల్టర్ మూతి, డ్రెయిన్ బోల్టు వాషర్. తడి ఎక్కడినుంచి మొదలైందో చూడు, ఎక్కడ ఆగిందో కాదు. బండి పోతున్నప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది.

బానెట్ ఎత్తకుండా రింగులు అన్నవాడి దగ్గరికి మళ్లీ పోమాక.

పెన్నాతీరం
జూన్ 4, రాత్రి 8:20

షీల్డ్ విప్పించాను బాబాయ్ గారూ. ట్యాపెట్ కవర్ దగ్గర కొద్దిగా చెమ్మ ఉంది, ప్లగ్గులు కూర్చునే గుంటల్లో రెండింటిలో ఆయిల్ మరక. ప్యాకింగ్ 650 రూపాయలు, వేయించేశాను. పనిలో పనిగా ఆయిల్, ఫిల్టర్ కూడా మార్పించి పొద్దున పై గుర్తుకు సరిచూసి రాసుకున్నాను: 92,318. ఇక కొలత మొదలు.

పెన్నాతీరం
జూన్ 22, ఉదయం 7:10

అద్భుతం! 92,930. అంటే 612 కిలోమీటర్లు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కదల్లేదు, పై గుర్తు దగ్గరే ఉంది! 650 రూపాయల ప్యాకింగ్‌తో పోయింది దరిద్రం. అందరికీ వందనాలు.

కాకినాడ కుర్రోడు
జూన్ 22, ఉదయం 9:00

పార్టీ ఎప్పుడు బ్రదర్?

స్పానర్ 14
జూన్ 22, ఉదయం 9:26

పార్టీకి ఇంకో 400 కిలోమీటర్లు ఆగండి. చెమ్మగా ఉన్న ప్యాకింగ్‌లోంచి లీటర్ పోయిందంటే ఎందుకో నమ్మబుద్ధి కావట్లేదు.

పెన్నాతీరం
జూన్ 22, రాత్రి 9:15

అన్నా, మీ నోట్లో ఏముందో గానీ... ఇందాక భోజనాల దగ్గర ఈ సంగతి గొప్పగా చెప్తుంటే నాన్నగారు పెరుగన్నం కలుపుకుంటూ, "మరి తగ్గదుగా, మొన్ననేగా అరలీటర్ పోశాను" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

విషయం ఏంటంటే, ఆయన ఎప్పటినుంచో పోస్తున్నారట. పొలానికి వెళ్లేముందు అలవాటు. షెడ్డులో పాత ట్రాక్టర్ కోసం తెచ్చిన 20W-40 డబ్బా ఉంది, అందులోంచి. ఏప్రిల్‌లో, మేలో నేను చూసినప్పటికి కూడా మధ్యలో పోసే ఉన్నారు. "ఎర్రలైటు రాకుండా కాపాడుకుంటున్నా" అంటారు. అంటే నేను అనుకున్నదానికన్నా ఎక్కువే తాగుతోందన్నమాట.

ఆటోనగర్ బాబాయ్
జూన్ 22, రాత్రి 9:50

హహ్హ. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. ఆయన పోయకపోతే ఈపాటికి ఇంజిన్ పట్టేసేది.

కానీ ఆ ఎర్రలైటు సంగతి ఆయనకు నిదానంగా చెప్పు. కూజా బొమ్మ లైటు ఆయిల్ తగ్గిందని చెప్పేది కాదు, ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. సంప్‌లో పంపు గాలి పీల్చేంత తక్కువైతేనే వెలుగుతుంది. ముందు మలుపుల్లో మినుకుమంటుంది. నిలకడగా వెలిగాక ఒక్క కిలోమీటర్ పోయినా బేరింగులు అయిపోతాయి. అప్పుడు హాఫ్ ఇంజిన్ కాదు, ఫుల్ ఇంజినే.

ఓరుగల్లు రైడర్
జూన్ 23, ఉదయం 11:30

నాదో డౌటు. మాది డీజిల్, బీఎస్-6. ఆయిల్ తగ్గడం కాదు, పెరుగుతోంది. మంచిదేనా?

స్పానర్ 14
జూన్ 23, మధ్యాహ్నం 1:05

అస్సలు కాదు. ఎగ్జాస్ట్‌లో పొగమసి పట్టే ఫిల్టర్‌ని శుభ్రం చేసుకోవడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ కొడుతుంది. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులు తిప్పి మధ్యలో ఆపేస్తుంటే ఆ డీజిల్ సిలిండర్ గోడలమీదుగా ఆయిల్‌లో దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది, మట్టం పెరుగుతుంది. మార్పించండి, వారానికోసారి హైవే మీద అరగంట తిప్పండి. మిగతాది వేరే థ్రెడ్‌లో మాట్లాడుకుందాం, ఇక్కడ నాన్నగారి కేసు నడుస్తోంది.

పెన్నాతీరం
జూలై 19, ఉదయం 8:00

మళ్లీ మొదటినుంచి. డబ్బా తీసుకెళ్లి నా గదిలో పెట్టుకున్నాను. 1,010 కిలోమీటర్లకు 850 మిల్లీలీటర్లు. ఇది పక్కా లెక్క.

పొద్దున పక్కింటి అంకుల్‌ని సైలెన్సర్ వెనక నిలబెట్టి స్టార్ట్ చేశాను. రాత్రంతా నిలబడ్డ బండి కదా, మొదటి పది సెకన్లు నీలం రంగు పొగ భుస్సుమని వచ్చి ఆగిపోయిందట. నేనెప్పుడూ లోపల కూర్చునే ఉంటాను కాబట్టి చూడలేదు.

స్పానర్ 14
జూలై 19, ఉదయం 8:40

ఇప్పుడు కథ దారిలో పడింది. నలుపు అంటే పెట్రోల్ ఎక్కువ, ఆగకుండా తెల్లగా వస్తుంటే నీళ్లు, నీలం అంటే ఆయిల్. రాత్రి ఆపిన బండి పొద్దున ఒక్కసారి ఊది ఆగిందంటే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. వాల్వ్ కాడ చుట్టూ ఉండే చిన్న రబ్బరు టోపీలు అవి. పదేళ్ల వేడికి గట్టిపడి, పట్టు వదిలేస్తాయి. రాత్రి హెడ్‌లో నిలిచిన ఆయిల్ వాల్వ్ కాడ కదిలే గైడు వెంబడి చుక్కచుక్కగా సిలిండర్‌లోకి దిగుతుంది, పొద్దున అది కాలుతుంది.

రింగులదైతే ఎక్కువగా బరువు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు, నిండుగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వస్తుంది. మామూలుగా తిరిగేటప్పుడు పొగ కనబడకపోవడంలో వింత లేదు, కొద్దిపాటి ఆయిల్ పొగని సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మింగేస్తుంది.

సీల్స్ ముట్టుకునే ముందు చౌకబేరం ఒకటి చూడండి: పీసీవీ వాల్వ్. క్రాంక్‌కేస్, అంటే ఇంజిన్ కింది భాగంలోని గాలిని ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న ముక్క. తీసి ఊపితే లోపల టకటకమనాలి. తెరుచుకుని ఉండిపోతే ఆయిల్ తుంపరని స్ట్రాతో తాగినట్టు తాగేస్తుంది.

పెన్నాతీరం
జూలై 20, సాయంత్రం 6:30

పీసీవీ తీశాను. ఊపితే చప్పుడే లేదు, జిగురుగా మడ్డి పట్టి ఉంది. కొత్తది 420 రూపాయలు. థ్రాటిల్ దగ్గరి పైపు లోపల వేలు పెడితే నల్లగా అంటింది, తుడిచేశాను. సంబరం మాత్రం చేసుకోవట్లేదు ఈసారి.

పెన్నాతీరం
ఆగస్టు 10, రాత్రి 9:30

పీసీవీ తర్వాత వెయ్యి కిలోమీటర్లకు 740. ఏదో కాస్త.

నిన్న అందరం తిరుమల వెళ్లొచ్చాం. ఎక్కేటప్పుడు మా తమ్ముడు వెనక బండిలో వస్తూ చూశాడు, నిండా ఐదుగురం ఉన్నా, రెండో గేర్‌లో లాగుతున్నా పొగ లేదు. దిగేటప్పుడు ఘాట్ పొడుగునా యాక్సిలరేటర్ వదిలేసి గేర్ మీదే దించాను. అలిపిరి దగ్గర చదును రోడ్డుకొచ్చి కాలు నొక్కానో లేదో, వెనక బండి వాడు హారన్ కొట్టాడు. మావాడు ఫోన్ చేసి "అన్నా, దోమల మందు కొడుతున్నావా" అన్నాడు.

ఆటోనగర్ బాబాయ్
ఆగస్టు 10, రాత్రి 10:10

వెంకన్నే టెస్టు చేసి పెట్టాడు నీకు. కాలు వదిలి గేర్ మీద దిగేటప్పుడు థ్రాటిల్ మూసుకుని ఉంటుంది, ఇన్‌టేక్‌లో పీల్పు విపరీతంగా ఉంటుంది. సీల్ సడలితే ఆ పీల్పుకి ఆయిల్ లోపలికి దిగి పేరుకుంటుంది, మళ్లీ తొక్కగానే కాలుతుంది. మా రోజుల్లో మిషన్లు లేవు, ఏ ఘాట్‌లోనో దింపి వెనక నుంచి చూసేవాళ్లం.

స్పానర్ 14
ఆగస్టు 10, రాత్రి 10:45

బాబాయ్ గారి మాటకు చిన్న అడ్డు. ఆ పీల్పు రింగుల పక్కనుంచి కూడా ఆయిల్‌ని పైకి లాగగలదు. ఘాట్ ఒక్కటే చూసి తేల్చలేం. పొద్దున్నే వచ్చే పొగ, ఎక్కేటప్పుడు రాకపోవడం, ఘాట్ దిగాక రావడం, మూడూ కలిశాయి కాబట్టే సీల్స్ వైపు మొగ్గుతున్నాను. హెడ్ మీద చెయ్యి వేసే ముందు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఒత్తిడి ఎంత వస్తోందో చూపించండి. ఇంజిన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, ఇంజెక్టర్ల ఫ్యూజు పీకాలి, యాక్సిలరేటర్ నిండా తొక్కి సెల్ఫ్‌తో ఇంజిన్ తిప్పాలి, అదే క్రాంక్ కొట్టాలి. తర్వాత ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె బాగా పెరిగితే రింగుల దగ్గర లీకు, పెరగకపోతే కంప్రెషన్ పోయేది రింగుల దగ్గర కాదు.

పెన్నాతీరం
ఆగస్టు 14, రాత్రి 7:55

వేరే మెకానిక్‌ని పట్టుకున్నాను, గేజీ ఉన్నవాణ్ణి. పొడిగా: 170, 168, 158, 172 పీఎస్ఐ. ఆయిల్ పోశాక: 176, 174, 165, 178. మూడో ప్లగ్గు కొన నల్లగా, తడిగా ఉంది. మిగతా మూడూ పొడి మట్టిరంగు.

కాకినాడ కుర్రోడు
ఆగస్టు 14, రాత్రి 8:10

అంకెలు సూపర్. రింగులు బ్రహ్మాండం. 48 వేలు మిగిలాయి.

స్పానర్ 14
ఆగస్టు 14, రాత్రి 8:50

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పిస్టన్‌కి మూడు రింగులు. పై రెండే కంప్రెషన్‌ని ఆపేవి. మూడోది ఆయిల్ రింగు, గోడ మీది ఆయిల్‌ని గీకి కిందికి పంపేది. దాని వెనక సన్నని రంధ్రాలు కార్బన్‌తో పూడుకుపోతే రింగు గాడిలోనే బిగుసుకుంటుంది. అప్పుడూ కంప్రెషన్ గేజీ "అంతా క్షేమం" అనే చెబుతుంది, ఆయిల్ మాత్రం పోతూనే ఉంటుంది. కాబట్టి ఈ అంకెల అర్థం పై రింగులు, సిలిండర్ గోడ (బోరు) బాగున్నాయని. ఆయిల్ రింగు సంగతి ఇవి చెప్పవు.

పెన్నాతీరం
ఆగస్టు 14, రాత్రి 9:05

మరి ఇప్పుడు సీల్సా, ఆయిల్ రింగా?

ఆటోనగర్ బాబాయ్
ఆగస్టు 14, రాత్రి 9:30

రెండూ కొంచెం కొంచెం ఉండొచ్చు. ముందు సీల్స్ వేయించు. చౌక, పైగా హెడ్ దించక్కర్లేదు. క్యామ్‌లు తీయాలి, టైమింగ్ చైన్ మార్కులు తప్పకుండా పెయింట్ పెట్టుకోమను. ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పట్టి వాల్వ్ కింద పడకుండా నిలబెట్టి, స్ప్రింగ్ నొక్కి, దాన్ని వాల్వ్‌కి పట్టి ఉంచే చిన్న ముక్కలు, అంటే కాటర్లు తీసి, పాత సీలు పీకి కొత్తది గుచ్చుతాం. మిగతా ప్లగ్గు రంధ్రాలు గుడ్డతో మూయమను. గింజంత కాటరు లోపల పడిందంటే హెడ్ దించాల్సిందే. గాలి లేని రోజుల్లో నూలు తాడు కూరి పిస్టన్‌ని పైకి తెచ్చేవాళ్లం, దానికీ వాల్వ్ ఆగుతుంది.

పాత సీలుని వేళ్ల మధ్య నొక్కి చూడమను. కొత్తది రబ్బరులా ఉంటుంది, పోయినది గోరులా ఉంటుంది.

పెన్నాతీరం
ఆగస్టు 26, రాత్రి 8:40

అయిపోయింది. పదహారు సీల్స్ 1,150, కూలి 5,500, మళ్లీ ట్యాపెట్ ప్యాకింగ్, ఆయిల్. పాతవి అడిగి తెచ్చుకున్నాను. బాబాయ్ గారు చెప్పినట్టే, నొక్కితే ఒకటి చిటుక్కున విరిగింది. మూడో సిలిండర్ ఇన్‌టేక్ వైపుది అయితే వాల్వ్ మీద అటూ ఇటూ ఊగుతోందట.

పొద్దున పక్కింటి అంకుల్ మళ్లీ డ్యూటీ చేశారు. పొగ లేదు.

పెన్నాతీరం
అక్టోబర్ 9, ఉదయం 7:30

వెయ్యి కిలోమీటర్లకు 310 మిల్లీలీటర్లు. ఈ లెక్క రెండుసార్లు చూశాను, రెండోసారి 290.

850 నుంచి 300కి వచ్చింది. ఇంకా తగ్గాలంటే ఏం చేయాలి? యూట్యూబ్‌లో ఎవరో ప్లగ్గు రంధ్రాల్లో ఏదో మందు పోసి రాత్రంతా నానబెడుతున్నారు.

స్పానర్ 14
అక్టోబర్ 9, ఉదయం 9:10

మిగిలిన 300 ఆయిల్ రింగులదే అయ్యుండాలి. ఆ నానబెట్టడం కొందరికి పనిచేస్తుంది, కార్బన్ కరిగి రింగు వదులవుతుంది. కానీ చేసేది జాగ్రత్తగా చేయించండి. పిస్టన్లు నాలుగూ సగం ఎత్తులో ఉండాలి, పొద్దున లోపల మిగిలింది సిరంజీతో లాగేయాలి, ప్లగ్గులు బిగించకుండానే ఫ్యూజు తీసి క్రాంక్ కొట్టి మిగతాది బయటికి చిమ్మించాలి. ద్రవం లోపల ఉండగా ప్లగ్గు బిగించి స్టార్ట్ చేస్తే, ద్రవం నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ తర్వాత ఆయిల్ తప్పనిసరిగా మార్చాలి, మందు కిందికి దిగి దాన్ని పలచన చేస్తుంది.

ఆటోనగర్ బాబాయ్
అక్టోబర్ 9, ఉదయం 10:00

నేనైతే ఇక ఆపమంటాను. ఐదు వేలకోసారి ఆయిల్ మార్చు, మధ్యలో చూసుకుంటూ పోసుకో.

పెన్నాతీరం
అక్టోబర్ 9, ఉదయం 10:25

నేనూ లెక్కేశాను. 300 మిల్లీ అంటే మూడు వేల కిలోమీటర్లకు లీటర్ లోపు, 450 రూపాయలు అనుకుందాం. 48 వేలకు వంద లీటర్ల పైనే వస్తుంది. అంటే మూడు లక్షల కిలోమీటర్లు. అప్పటికి బండీ ఉండదు, నా ఓపికా ఉండదు.

డాలస్ నుంచి
అక్టోబర్ 9, ఉదయం 10:40

లెక్కలో క్యాటలిటిక్ కన్వర్టర్ రాలేదు. ఆయిల్‌లోని ఫాస్ఫరస్ దాని పూతని మెల్లగా చంపుతుంది. 300 మిల్లీకి ఇప్పుడే భయం లేదుగానీ, 500 దాటితే మళ్లీ ఈ థ్రెడ్‌కి రండి.

పెన్నాతీరం
అక్టోబర్ 9, రాత్రి 8:15

సరే అన్నా. ఇంకో మార్పు చేశాను. ట్రాక్టర్ డబ్బా ట్రాక్టర్‌కి ఇచ్చేశాను, నాన్నగారికి 5W-30 డబ్బా, ఒక పాత డైరీ ఇచ్చాను. పోసినప్పుడల్లా తేదీ, రీడింగ్, ఎంత పోశారో రాయాలని ఒప్పందం. ఇవాళ గ్లవ్ బాక్స్ తెరిచి చూస్తే మూడు వరసలున్నాయి, ఆయన గుండ్రటి చేతిరాతలో:

"సెప్టెంబర్ 28. చూశాను. పోయలేదు."
"అక్టోబర్ 2. చూశాను. పోయాలనిపించింది. పోయలేదు."
"అక్టోబర్ 6. అబ్బాయికి చెప్పి 100 మి.లీ. పోశాను."

ఆ చివరిది నాకైతే చెప్పలేదు. పై లెక్కలో ఇంకో వంద కలుపుకోండి.